కొత్త షెడ్డు గుమ్మంలో

పరుపుల కార్ఖానా వెనక గది నుంచి

అక్కయ్యకు తమ్ముడు రాయునది.

ముందే చెబుతున్నాను, నా చేతిరాత చూసి నవ్వకు. మామూలుగానే కోడి కెలికినట్టు ఉంటుంది. ఇవాళ మరీను. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. పల్లెబడిలో మాస్టారు నా పలక చూసి "ఇది రాతట్రా, చీమలబారా?" అనేవారు. ఆ చీమలు ఇంకా అలాగే పాకుతున్నాయి.

మేము బతికే ఉన్నాం. నీ కొడుకు బతికే ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఈ మాట అన్నిటికంటే ముందు రాయాలని రాస్తున్నాను. ఎవరైనా ఇంకోలా చెబితే నమ్మకు.

ఇవాళ పొద్దున కొత్త షెడ్డు తెరవాలి. కింద పరుపులు కుట్టే మిషన్లు, పైన అటక మీద దూది బేళ్ళు. బేళ్ళన్నీ నిన్ననే పైకెక్కించారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది, నీకు ఎప్పుడూ చెప్పలేదేమో. కొత్త మిషను వచ్చినా, కొత్త గది తెరిచినా, పనివాళ్ళలో అందరికంటే పెద్దవాడు గుమ్మం ముందు నిలబడి దేవుడికి నాలుగు మాటలు చెప్పుకుంటాడు. ఆఖర్న "ఇక రండి" అంటాడు. ఆ మాట పడేదాకా యజమాని అయినా సరే గుమ్మం దాటడు. ఇన్నాళ్ళూ గుడ్డ కత్తిరించే తాత చెప్పేవాడు. ఆయన కిందటేడు పోయాడు. ఇప్పుడు వయసులో నేనే పెద్ద. వద్దు బాబో అన్నా ఎవరూ వినలేదు.

అందరూ తలలు వంచి నిలబడ్డారు. మేనల్లుడు షట్టర్ పైకెత్తి నా పక్కనే ఉన్నాడు. ప్రార్థన కాస్త ఎక్కువసేపు సాగింది. ఇంకా అవకుండానే లోపల చప్పుడైంది. ఎలాంటి చప్పుడో రాయడం నాకు చేతకాదు. అటక, దూలం, బేళ్ళు, మొత్తం వచ్చి మిషన్ల మీద పడ్డాయి. గుమ్మంలోంచి దూది పొగలా తన్నుకొచ్చింది. అందరి మొహాలూ తెల్లగా అయిపోయాయి. ఒక్కరూ అరవలేదు. దుమ్ము అణిగాక మిషన్ల దగ్గర పనిచేసే పెద్దామె లోపలికి తొంగి చూసి "నా కుర్చీ ఏదీ?" అని అడిగింది. మామూలుగా, ఎవరో తీసి పక్కన పెట్టారన్నట్టు అడిగింది. ఆమె కుర్చీ నేలకు అంటుకుపోయి ఉంది, అప్పడంలా.

యజమాని నా రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పెద్దాయనా, నీ ప్రార్థన ఒక్క మాట తక్కువైతే మేమంతా లోపలుండేవాళ్ళం" అన్నాడు.

ఎవరైనా తలుపు వేస్తే ఉలిక్కిపడుతున్నాను. దేవుడు కాపాడాడు. ఇంతకంటే రాయలేను.

తమ్ముడు


మరిదిగారి ఇంటి వంటగది నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఉన్నచోటే కూలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగి పొర్లిపోయాయి. తోటికోడలు పరిగెత్తుకొచ్చి "ఏంటక్కా, ఎవరైనా పోయారా?" అంది. "పోలేదే, అదే విశేషం" అన్నాను. పాలు పోయాయని ఏడ్చింది గానీ, నా మొహం చూసి పొయ్యి తనే తుడిచింది.

మావాడు కూడా ఫోన్ చేశాడు. వాడు చెప్పింది విన్నాక నాకు మరీ దడ పుట్టింది. "అమ్మా, నేను ఒక కాలు లోపల పెట్టేశాను. మావయ్య ఇంకా కళ్ళు తెరవలేదని వెనక్కి తీసుకున్నాను" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ ఒక్క కాలే కనిపిస్తోంది. కూర తరుగుతున్నా అదే, కళ్ళు మూసుకున్నా అదే. వాడు పుట్టినప్పుడు కాళ్ళే ముందు బయటికొచ్చాయి, నీకు గుర్తుందో లేదో. అప్పుడూ దేవుడే దిక్కు, ఇప్పుడూ ఆయనే.

నీకు ఫోన్ చేస్తే వినిపించేది నీ ఊపిరి ఒక్కటే. అందుకని రాసే అడుగుతున్నాను, కాదనకు. ఆ రోజు నువ్వు దేవుడికి ఏం చెప్పుకున్నావు? ఆ మాటలు పొల్లుపోకుండా రాసి పంపు. నేను నేర్చుకుంటాను. పక్కింటావిడ కూడా అడుగుతోంది, కొత్త ఇంట్లోకి దిగుతున్నారట. వీధిలో నేను నీ సంగతి చెప్పని మనిషి లేడు. నాకే గొంతు బొంగురుపోయింది.

చిన్నప్పుడు నాన్న నిన్ను చూసి "వీడి నోట్లో ముత్యాలున్నాయేమో, రాలిపోతాయని తెరవడు" అనేవాడు. ఇన్నేళ్ళకు తెరిచావు. చూశావా, ముత్యాలే రాలాయి.

త్వరగా పంపు.

నీ అక్క


పరుపుల కార్ఖానా వెనక గది నుంచి

అక్కయ్యా,

జవాబు ఆలస్యమైంది. మొదలుపెట్టడం, చింపడం, ఇదే పని అయింది.

ఆ మాటలు పంపమన్నావు. పంపడానికి లేవు.

ఆ రోజు నేను ప్రార్థన చేయలేదు. అల్లుడు ముందు రోజు నాకు రెండు వాక్యాలు నేర్పించాడు. పరుపులు కుడుతూ వాటినే వల్లించుకున్నాను. తీరా గుమ్మం ముందు నిలబడి అంతమంది వంచిన తలలు చూసేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఒక్క ముక్క గుర్తురాలేదు. దేవుడే గుర్తురాలేదు, అక్కయ్యా. పారిపోదామనుకున్నాను. కాళ్ళు కదల్లేదు. కళ్ళు మూసుకుంటే ఎవరూ కనిపించరని మూసుకున్నాను. అంతే. అందరూ అది ప్రార్థన అనుకున్నారు. ఇంతలో అది పడింది.

ఈ మాట అల్లుడికి చెప్పాను. "గొప్పవాళ్ళంతా ఇలాగే అంటారు మావయ్యా" అని నా భుజం తట్టి పోయాడు. యజమానికి చెప్పబోతే "నీ మనసు నాకు తెలుసులే" అన్నాడు. నా మనసు నాకే తెలియదు, ఆయనకెలా తెలిసిందో.

ఇప్పుడు ఇంకో గొడవ మొదలైంది. వీధి చివర క్షురకుడు కొత్త అద్దాలు పెట్టించాడు. నన్ను లాక్కెళ్ళి దుకాణం ముందు నిలబెట్టాడు. నేను నీళ్ళు నములుతుంటే "మాటలొద్దు తాతా, ఆ రోజు నిలబడ్డావే, అలా నిలబడు చాలు" అన్నాడు. నిలబడ్డాను. అది అయ్యాక ఉత్తినే గడ్డం గీశాడు. మర్నాడు టాక్సీ నడిపే కుర్రాడు వచ్చాడు. పాత కారు ఒకటి కొన్నాడు, వాడికదే కొత్త బతుకు. పెళ్ళాం పక్కన నిలబడి దణ్ణం పెడుతోంది. కాదని ఎలా అనను? కారు ముందూ నిలబడ్డాను. నేను ఊరికే నిలబడితే జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. నాకు భయంగా ఉంది.

దేవుడు కాపాడాడన్నది నిజం. అది నేను కాదనను. కానీ నా ప్రార్థన వల్ల కాదు. నాకు సిగ్గేసింది, అంతకు మించి నేను చేసిందేమీ లేదు. నువ్వైనా నమ్ము.

తమ్ముడు


మరిదిగారి ఇంటి వంటగది నుంచి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు తెల్లబోయాను. తర్వాత నవ్వొచ్చింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. తోటికోడలు "అక్కకు మతి పోయింది" అని మరిదికి చెప్పిందట.

నమ్ముతాను రా. నిన్ను ఎత్తుకు మోసినదాన్ని. నాలుగో తరగతిలో ఇన్‌స్పెక్టరు వచ్చి పేరేమిటని అడిగితే నువ్వు పేరు మరిచిపోయి నిలబడ్డ సంగతి నాకు తెలియదా? కానీ ఒకటి ఆలోచించు. నోరిచ్చినవాడు నోరు కట్టలేడా? నీకు మాట వచ్చి ఉంటే నా కొడుకు లోపలుండేవాడు. ఆ రోజు నీ నాలుక పట్టుకున్నది ఆయన వేళ్ళే అని నేననుకుంటున్నాను. నువ్వు కాదనుకుంటే కాదనుకో, నాకు పోయిందేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మావాడు నీకు చెప్పొద్దన్నాడు, నా నోట్లో నువ్వుగింజ నానదు. షెడ్డు మళ్ళీ కడుతున్నారటగా. అది తెరిచిన రోజున వాణ్ణి సూపర్‌వైజర్‌ని చేస్తానని యజమాని మాట ఇచ్చాడట. పెద్దాయన మేనల్లుడు కదా, వాడుంటే పనివాళ్ళు ధైర్యంగా లోపలికి వస్తారని. కొత్త మొదలు తమ్ముడూ. వాళ్ళ నాన్న పోయాక ఇన్నాళ్ళకు దేవుడు మా వైపు చూశాడు.

కాబట్టి నువ్వు నాకు రాసింది నా దగ్గరే ఉంటుంది. ఇంకెవరికీ చెప్పకు. అబద్ధమాడమనడం లేదు. నోరు విప్పకు, అంతే. నీకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

నీ అక్క


పరుపుల కార్ఖానా వెనక గది నుంచి

అక్కయ్యా,

టాక్సీ కుర్రాడి కారు గోడకు గుద్దుకుంది. మనిషి బతికాడు. కాలు విరిగింది. వెనక కూర్చున్న ముసలామెకు తల పగిలింది, కుట్లు పడ్డాయి.

చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. మంచం పక్కన వాడి పెళ్ళాం ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నువ్వు నిలబడ్డావు కాబట్టే ప్రాణాలతో ఉన్నాడు తాతా" అంది. అప్పుడు వాడన్నాడు, "బ్రేకులు మెత్తగా ఉన్నాయని మెకానిక్ ముందే చెప్పాడు తాతా. మార్పిద్దామనుకున్నా. నువ్వు కారు ముందు నిలబడ్డాక ఇక ఎందుకులే అనిపించింది" అని.

మంచం కోడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నర్సు వచ్చి "తాతగారూ, కూర్చోండి, పడిపోతారు" అంది.

ఇంటికి వస్తూ కొత్త షెడ్డు వైపు వెళ్ళాను. అటక లేచింది. అదే గోడ. అదే కొలత. పాత దూలాల్లో విరగనివి మళ్ళీ వాడారు. దూలం గట్టిదా కాదా నాకు తెలియదు. నాకు తెలిసింది దబ్బనం, దారం, దూది. "ఎవరికైనా చూపించారా అయ్యా?" అని యజమానిని అడిగాను. "నువ్వున్నావుగా పెద్దాయనా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చెడ్డమనిషి కాదు. నిజంగానే అనుకుంటున్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

నేను నిలబడితే ఆ షెడ్డులోకి అందరూ వెళతారు. అందరికంటే ముందు అల్లుడు వెళతాడు. ఏం చేయమంటావు?

తమ్ముడు


మరిదిగారి ఇంటి వంటగది నుంచి

తమ్ముడూ,

టాక్సీ అబ్బాయి సంగతి చదివాను, పాపం. వాడి పెళ్ళానికి నా తరఫున ధైర్యం చెప్పు.

అయినా కారు వేరు, షెడ్డు వేరు. ఒకసారి పడి బుద్ధి వచ్చినవాడు రెండోసారి జాగ్రత్తగా కట్టించడా? తనకు నష్టం కాదా? నువ్వు అన్నిటికీ భయపడతావు. చిన్నప్పుడు గాలిపటం తెగితే ఆకాశానికి దెబ్బ తగిలిందేమోనని ఏడ్చినవాడివి.

నీకు ఒకటి చెప్పలేదు. సూపర్‌వైజర్‌కి కార్ఖానా వెనక రెండు గదులిస్తారట. వంటగది విడిగా ఉందట. "అమ్మా, వచ్చెయ్" అన్నాడు మావాడు. నేను మూట కట్టుకున్నాను. రోజూ రాత్రి తల కింద పెట్టుకునే పడుకుంటున్నాను.

తోటికోడలు మంచిదే. కాదనను. కానీ ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక్కరోజు కూడా ఏం వండాలో నేను చెప్పలేదు రా. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు. పొయ్యి ముందు నిలబడేది నేను, గరిటె ఆమెది. నా వయసుకు ఒక పొయ్యి కావాలని దేవుణ్ణి అడిగాను. ఇంకేం అడగలేదు. ఇచ్చాడు. ఆ ఇచ్చిన చేతికి నువ్వు అడ్డం పడకు.

పెద్దదాన్ని, నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను. వెళ్ళి నిలబడు. ఆ రెండు మాటలు అను. దేవుడు చూసుకుంటాడు.

అక్క


పరుపుల కార్ఖానా వెనక గది నుంచి

అక్కయ్యా,

నువ్వు వద్దన్న పనే చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈపాటికి అల్లుడు ఫోన్ చేసే ఉంటాడు.

పొద్దున అందరూ వచ్చారు. వీధివాళ్ళు కూడా వచ్చారు. క్షురకుడు దుకాణం మూసి వచ్చాడు. బేళ్ళు మళ్ళీ అటక నిండా ఉన్నాయి. నేను గుమ్మం ముందు నిలబడ్డాను. తలలు వంచారు. నాకు మళ్ళీ నోరు ఎండింది. కానీ ఈసారి మాట వచ్చింది. "తలలెత్తండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆ రోజు నేను దేవుడితో మాట్లాడలేదు. నోరు పెగలక నిలబడ్డాను. ఇది గట్టిగా ఉందో లేదో ఆయన నాకు చెప్పలేదు. తెలిసినవాళ్ళకు చూపించండి" అన్నాను.

మిషన్ల దగ్గరి పెద్దామె కళ్ళొత్తుకుంది. "ఎంత అణకువో చూడండర్రా" అంది. క్షురకుడు చప్పట్లు కొట్టాడు. నాకు దిమ్మ తిరిగింది. అబద్ధమాడి ఉంటే కనీసం ఒకడైనా అనుమానించేవాడు. నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు.

యజమాని "బాగా చెప్పావు పెద్దాయనా. ఇక ఆ మాట అను" అన్నాడు. అనలేదు. గుమ్మంలో కూర్చున్నాను. "ప్రార్థన ఇంకా అవలేదు" అన్నాను.

"ఎప్పుడవుతుంది?"

"తాపీమేస్త్రీ వచ్చి చూశాక."

కాసేపు నవ్వారు. ఎండెక్కేకొద్దీ నవ్వులు తగ్గాయి. యజమాని మొహం మాడింది. అల్లుడి వైపు తిరిగి "సూపర్‌వైజరూ, మీ మావయ్యను లేపు" అన్నాడు. అందరి ముందూ వాణ్ణి అలా పిలవడం అదే మొదలు. వాడు నా దగ్గరికొచ్చి వంగి, "మావయ్యా, అమ్మ మూట కట్టుకుని కూర్చుంది. లే" అన్నాడు. నేను లేవలేదు. వాడు నా మోకాళ్ళ మీదుగా కాలు వేసి దాటి లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడు దేవుణ్ణి పిలిచాను, అక్కయ్యా. పుట్టిన తర్వాత అంత గట్టిగా పిలవలేదు. బయటికి మాత్రం ఒక్క మాట రాలేదు.

వాడు నిచ్చెనెక్కాడు. అటక మీద బేళ్ళ మధ్య నిలబడి "చూడండి, ఏం కాలేదు" అని అరిచాడు. కాలితో దబదబా తన్నాడు. అందరూ హమ్మయ్య అన్నారు. వాడికి హుషారొచ్చింది. "సార్, మీరూ రండి. ఇక్కణ్ణుంచి షెడ్డంతా భలే కనిపిస్తోంది" అన్నాడు. సరదాకే అన్నాడు.

యజమాని నవ్వాడు. "నాకెందుకోయ్" అన్నాడు.

"ఒక్కసారి రండి సార్, వీళ్ళకూ ధైర్యంగా ఉంటుంది."

"మోకాలు నొప్పి."

ముందు రోజు ఆయన దూది లారీ ఎక్కి దిగడం అందరం చూశాం.

"పోనీ అటక కిందికైనా వచ్చి నిలబడండి" అన్నాడు అల్లుడు. వాడి గొంతులో సరదా తగ్గింది. యజమాని గుమ్మం దాకా వచ్చాడు. నేను పక్కకు జరిగి దారిచ్చాను. ఆయన పైకి చూశాడు. నా వైపు చూశాడు. దాటలేదు. వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అల్లుడు పైనుంచి ఆయన్నే చూస్తున్నాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. తర్వాత దిగాడు. ఎక్కినప్పటి వేగం లేదు. ఒక్కో మెట్టు మీదా కాలు మోపి, ఆగి, దిగాడు. వచ్చి నా పక్కన గుమ్మంలో కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. వాడి ఒళ్ళు వణకడం నా భుజానికి తెలిసింది.

తర్వాత పెద్దామె వచ్చి రోడ్డు మీదే చతికిలబడింది. ఆమె వెనక మిగతావాళ్ళు. యజమాని ఇంటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం కబురు పంపాడు, తాపీమేస్త్రీని పిలుస్తాడట. అల్లుడికి ఆ ఉద్యోగం లేదట.

గదులు కూడా లేవు. అది నావల్లే.

తమ్ముడు


మరిదిగారి ఇంటి వంటగది నుంచి

తమ్ముడూ,

మూట విప్పేశాను. తోటికోడలు చూసింది.

గదుల గురించి నేను అడగను. ఒక్కటే అడుగుతాను. నా కొడుకు నిన్ను దాటి లోపలికి వెళుతుంటే ఎందుకు ఆపలేదు? నీకు నోరు లేదు సరే, చేతులు లేవా?

అక్క


పరుపుల కార్ఖానా వెనక గది నుంచి

అక్కయ్యా,

నువ్వడిగినదానికి జవాబు వెతుక్కుంటూ ఇన్నాళ్ళు ఆగాను. దొరకలేదు. దొరికినంత రాస్తున్నాను.

చెయ్యి చాపాను. వాడి ప్యాంటు అంచు నా వేళ్ళకు తగిలింది. పట్టు చిక్కలేదు. నేను గట్టిగా పట్టుకోలేదా, జారిపోయిందా, ఇప్పటికీ తెలియడం లేదు. కళ్ళు మూస్తే ఆ గుడ్డ వేళ్ళకు తగులుతుంది. వాడికి ఏమైనా అయి ఉంటే నేను నిజం చెప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి కాదు, నీ కొడుకును చంపినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తోచలేదు. నీకు తోచింది. నువ్వడిగింది సబబే. దేవుణ్ణి నేను రోజూ అడిగేదీ అదే.

తాపీమేస్త్రీ వచ్చాడు. గోడ తట్టాడు, దూలం కింద ఇటుకలు తీసి చూశాడు. "నిలబడేదేమో, పడేదేమో. నేనైతే చెప్పలేను" అన్నాడు. ఇన్ని చూశాక కూడా అంతే అన్నాడు. దూలాల కింద ఇనప స్తంభాలు పెట్టించమన్నాడు, బేళ్ళు కిందికి దించమన్నాడు. రెండూ చేశారు. పెద్దామెను సూపర్‌వైజర్‌ని చేశారు. పొద్దస్తమానం అల్లుణ్ణి తిడుతుంది. వాడు నవ్వుతూ పని చేస్తున్నాడు.

నిన్న షెడ్డు తెరిచాం. అవని ప్రార్థన పూర్తి చేయమన్నారు. ఏం చెప్పానో ఈసారి రాస్తాను. ముందు నువ్వడిగినప్పుడు ఆ మాటలు నా దగ్గర లేవు.

"తండ్రీ, ఆ రోజు మమ్మల్ని బయట ఉంచావు. ఎందుకు ఉంచావో మాకు తెలియదు. ఈ రోజు లోపలికి వెళుతున్నాం. ఏమవుతుందో మాకు తెలియదు. మా ముందు నువ్వు నడువు. తెలియనిచోట ఆగి, తెలిసినవాళ్ళను అడిగే బుద్ధి మాకివ్వు. మమ్మల్ని చూసి పిల్లలు కాలు పెడతారు, వాళ్ళను నువ్వు పట్టుకో. మా చేతులు చాలవు."

అంతే. తర్వాత లోపలికి వెళ్ళాం. యజమాని అందరికంటే ముందు వెళ్ళాడు. దాటే ముందు ఈసారీ పైకి చూశాడు. నేను చూశాను.

ఇంకొక సంగతి. నా గది నీకు తెలుసు, ఒకటే గది, ఒకటే కిటికీ. వెనక రేకుల పంచ ఉంది. అక్కడ కిరసనాయిలు పొయ్యి పెట్టించాను. గరిటె, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక కింద పెట్టే ఉంచాను. కిటికీ పక్కన మంచం వేయించాను. దాని మీదికి పరుపు కుట్టాను. కొత్త దూది. అంచులు నేనే చేత్తో కుట్టాను, మిషను పెట్టలేదు. ఎవరెవరికో లెక్కలేనన్ని కుట్టాను గానీ, నీకు ఒక్కటీ కుట్టలేదని దారం ఎక్కిస్తుంటే తెలిసింది. నేను పంచలో పడుకుంటాను, నాకు అలవాటే.

నిన్ను రమ్మని అడుగుతానంటే అల్లుడు వద్దన్నాడు. "అమ్మ ఇంకా కోపంగా ఉంది మావయ్యా" అన్నాడు. ఉండనీ. కోపంతోనే రా. నువ్వు తిట్టేవి వినడానికి ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు, మధ్యలో అడ్డు రాడు.

పరుపు మీద ఇంకా ఎవరూ కూర్చోలేదు. మెత్తగా కుదిరిందో గట్టిగా వచ్చిందో నాకు తెలియడం లేదు. వస్తావో రావో రాయి. రానంటే రానని రాయి. తిట్లు రాసినా సరే, జవాబు మాత్రం త్వరగా రాయి.

నీ తమ్ముడు